‘జే’ అంటే ఊరు పేరా, బాణీ పేరా?

2023 ఫిబ్రవరిలో, ‘ఫైనల్ ఫాంటసీ 16’ విడుదలకి కొద్ది నెలల ముందు, దాని నిర్మాత నవోకి యోషిదా ఒక ఇంటర్వ్యూలో అన్న మాట వీడియో గేముల లోకంలో దుమారం లేపింది. ‘జేఆర్పీజీ’ అన్న పేరు పదిహేనేళ్ళ కిందట మొదటిసారి విన్నప్పుడు తనలాంటి జపాన్ రూపకర్తలకి అది వివక్షలా అనిపించిందనీ, తమని వేళాకోళం చేస్తున్నట్టు తోచిందనీ ఆయన చెప్పాడు. తామెప్పుడూ జేఆర్పీజీ చేద్దామని కూర్చోలేదట. ఆర్పీజీ చేద్దామనే కూర్చున్నారట. అమెరికాలో ఈ ఆటలాడుతూ పెరిగినవాళ్ళు ఇది విని నివ్వెరపోయారు. వాళ్ళకది తిట్టు కాదు, చిన్నప్పటి నుంచీ నోట్లో నానిన ముద్దుపేరు.

ఈ గొడవేమిటో తెలియని పెద్దవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆర్పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, వేషం కట్టి ఆడే ఆట అనుకోండి. ఒక పాత్రని పట్టుకుని ఊళ్ళు తిరుగుతూ, కనిపించినవాళ్ళతో మాట్లాడుతూ, రాక్షసుల్ని కొట్టి బలం పెంచుకుంటూ, నలభై యాభై గంటలకి గానీ తెమలని కథని చివరిదాకా నడిపించడం. ముందున్న ‘జే’ జపాన్‌కి గుర్తు. అన్నం చల్లారిపోతోందని తల్లి పిలుస్తుంటే “సేవ్ చేసుకుని వస్తా” అని పిల్లవాడు లోపలి నుంచి అరిచే ఇళ్ళల్లో ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఇంతకీ ఆ జాతి ఆటకి లక్షణమేమిటి? అడిగితే తలా ఒకటి చెబుతారు. శత్రువూ మనమూ వంతులేసుకుని కొట్టుకోవాలంటారు కొందరు. అలాగైతే 1981లో అమెరికాలో పుట్టిన ‘విజార్డ్రీ’, 2023లో బెల్జియం వాళ్ళు తీసిన ‘బాల్డర్స్ గేట్ 3’ రెండూ వంతులవారీ ఆటలే. వాటినెవరూ జేఆర్పీజీ అనరు. మరోపక్క 1987 నాటి ‘ఈస్’ నుంచి 2002 నాటి ‘కింగ్‌డమ్ హార్ట్స్’ దాకా జపాన్‌లో వంతుల్లేకుండా చకచకా కొట్టుకునే ఆటలు బోలెడు ఉన్నాయి. వాటిని ఆ జాబితాలోంచి తీసెయ్యడానికి ఎవరూ ఒప్పుకోరు. పెద్ద పెద్ద కళ్ళు, ముళ్ళలా నిలబడ్డ జుట్టు ఉండాలంటారు ఇంకొందరు. ‘ఫైనల్ ఫాంటసీ’కి యోషితాకా అమానో గీసిన పల్చటి, పొగలాంటి బొమ్మలు చూసినవాళ్ళు ఆ మాటనరు. జపాన్‌లో తయారవడమే లక్షణమందామా? 2011లో వచ్చిన ‘డార్క్ సోల్స్’ అచ్చంగా జపాన్ వాళ్ళదే. అయినా దాన్ని జేఆర్పీజీ అనడానికి చాలామందికి నోరు రాదు. 2015లో టోబీ ఫాక్స్ అనే అమెరికన్ కుర్రాడు చేసిన ‘అండర్‌టేల్’ని మాత్రం ఆ గూటి పక్షే అంటారు.

ఇది వింతగా అనిపిస్తే మనింటి ఉదాహరణ ఒకటి చూడండి. కూచిపూడి కృష్ణా జిల్లాలో ఒక ఊరు. డాలస్‌లో పుట్టిన అమ్మాయి భామాకలాపం ఆడితే అది కూచిపూడే. ఆ ఊళ్ళోనే పుట్టిన అమ్మాయి భరతనాట్యం నేర్చుకుని ఆడితే అది కూచిపూడి అయిపోదు. ఊరి పేరు ఒకసారి బాణీ పేరుగా మారాక, ఆ పేరు వెనక ఊరిని వెతకడం కన్నా అడుగుల్ని చూడటం మేలు. నేను ‘జే’ని అలాగే చూస్తాను. మరి ఆ అడుగులేమిటో తెలియాలంటే, అవి ఎవరు ఎందుకు వేశారో కాస్త వెనక్కి వెళ్ళి చూడాలి.

కథ జపాన్‌లో మొదలవ్వదు. 1974లో విస్కాన్సిన్ రాష్ట్రం లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్, మినెసోటాకి చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట తెచ్చారు. కంప్యూటర్ లేదు, టీవీ లేదు. నలుగురైదుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. వాళ్ళలో ఒకడు మాత్రం ఏ వేషమూ కట్టకుండా సూత్రధారిగా ఉంటాడు. “మీ ఎదురుగా తలుపు తాళం వేసి ఉంది” అని అతనంటాడు. “తాళం పగలగొడతాం” అంటే పాచికలు వేయిస్తాడు. “తలుపు జోలికి పోం, గోడకి కన్నం వేస్తాం” అని ఎవడో అడ్డంగా అంటే, సూత్రధారి అప్పటికప్పుడు ఆలోచించి ఏదో ఒకటి తేల్చాలి. ఆటలోని రుచంతా అక్కడే ఉంది.

కొద్దికాలానికే విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ దొరికినవాళ్ళు దీన్ని యంత్రంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. 1981లో టెక్సస్ కుర్రాడు రిచర్డ్ గ్యారియట్ ‘అల్టిమా’ని, కార్నెల్‌లో చదువుకుంటున్న ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ ‘విజార్డ్రీ’ని తెచ్చారు. పాచికలు వెయ్యడం, దెబ్బలు లెక్కపెట్టడం, పటం గీయడం – యంత్రానికి ఇవన్నీ మంచినీళ్ళ ప్రాయం. గోడకి కన్నం వేస్తాననేవాడికి జవాబు చెప్పడం మాత్రం దాని వల్ల కాలేదు. రోజూ ప్రోగ్రాములు రాసుకునే నాకు ఈ ఆటల చరిత్ర మొత్తం ఈ ఒక్క లోటు చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది. సూత్రధారి కుర్చీ ఖాళీ అయింది, అందులో ఎవరిని కూర్చోబెట్టాలి?

అమెరికా వాళ్ళు ఎంచుకున్న దారి తెలిసిందే. ఆటగాడు ఏమేం చెయ్యాలనుకుంటాడో ముందే ఊహించి వీలైనన్ని దారులు వెయ్యడం, ప్రతి పనికీ ఒక నియమం రాసిపెట్టడం. 1985లో ‘అల్టిమా 4’, 1997లో ‘ఫాల్అవుట్’, 1998లో ‘బాల్డర్స్ గేట్’ – అన్నీ ఆ దారిలోవే. నీ మనిషిని నువ్వే తయారు చేసుకో, మంచివాడివవుతావో చెడ్డవాడివవుతావో నీ ఇష్టం, ముగింపు కూడా దాన్నిబట్టే.

జపాన్‌కి ఈ ఆట చేరిన తీరే వేరు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ జపనీస్‌లో వచ్చింది 1985లో. అప్పటికే ఆపిల్ కంప్యూటర్లున్న కొద్దిమంది ‘విజార్డ్రీ’కి అలవాటుపడి ఉన్నారు. అంటే అక్కడ పిల్ల ముందొచ్చి తల్లి తరవాతొచ్చింది. ఈనాటికీ జపాన్‌లో ఊరికే ఆర్పీజీ అంటే కంప్యూటర్ ఆటే. బల్ల చుట్టూ కూర్చుని ఆడేదానికి వేరే పేరు పెట్టి ‘టేబుల్ టాక్ ఆర్పీజీ’ అనాల్సి వస్తుంది. ఇంకో చిత్రం ఉంది. 1986లో ‘కాంప్‌టిక్’ అనే కంప్యూటర్ పత్రిక, కొందరు బల్ల దగ్గర ఆడిన ఆటలో జరిగిన సంభాషణని నాటకంలా అచ్చువెయ్యడం మొదలుపెట్టింది. దాంట్లోంచే ‘లోడస్ ద్వీపం’ నవలలూ కార్టూన్లూ పుట్టాయి. చాలామందికి ఆ బల్ల ఆట ఆడకముందే, చదువుకునే కథగా పరిచయమైందన్నమాట.

ఇక్కడ ఒక డచ్చివాడి ప్రస్తావన తేవాలి. హెంక్ రోజర్స్ నెదర్లాండ్స్‌లో పుట్టి, న్యూయార్క్‌లో పెరిగి, హవాయిలో చదువుకుని, అక్కడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పిచ్చి అంటించుకుని జపాన్ వెళ్ళాడు. 1984 మొదట్లో ‘ద బ్లాక్ ఆనిక్స్’ అనే ఆట విడుదల చేస్తే, అదేమిటో కొనేవాళ్ళకే అర్థం కాలేదట. పత్రికాఫీసులకి స్వయంగా వెళ్ళి, విలేఖరుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ పోలికలతోనే పాత్రలు తయారుచేయించి ఆడించాడు. అప్పుడు గానీ అమ్ముడుపోలేదు. 2023లో వచ్చిన ‘టెట్రిస్’ సినిమాలో కథానాయకుడు ఈయనే.

అసలు మలుపు 1986 మే 27న తిరిగింది. ఆ రోజు ఎనిక్స్ అనే కంపెనీ ‘డ్రాగన్ క్వెస్ట్’ని అమ్మకానికి పెట్టింది. కథ రాసి రూపకల్పన చేసింది యూజి హోరీ, ప్రోగ్రామ్ చేసింది కోయిచి నకమురా. ఇద్దరూ ఎనిక్స్ పెట్టిన పోటీలో గెలిచినవాళ్ళే. 1983లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆపిల్ ప్రదర్శనకి వెళ్ళి ‘విజార్డ్రీ’ని చూసొచ్చారు. పోరాటానికి ‘విజార్డ్రీ’, పైనుంచి కనిపించే పటానికి ‘అల్టిమా’ ఆదర్శమని వాళ్ళేం దాచుకోలేదు. హోరీ అప్పటికే పిల్లల కార్టూన్ వారపత్రిక ‘షోనెన్ జంప్’లో గేముల గురించి రాస్తున్నాడు. కాబట్టి ఆడేది ఎవరో ఆయనకి బాగా తెలుసు. ఇంట్లో టీవీకి తగిలించుకునే ఫామికామ్ పెట్టె ఉన్న పదేళ్ళ పిల్లలు. వాళ్ళకి కీబోర్డు లేదు, సూత్రధారి అంటే ఎవరో తెలియదు, అరవై పేజీల నియమాల పుస్తకం చదివే ఓపిక అసలే లేదు.

కార్ట్రిడ్జ్‌లో ఉన్న చోటు 64 కిలోబైట్లు. ఈ వ్యాసాన్ని యూనికోడ్‌లో దాచుకుంటే, తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడు బైట్ల లెక్కన, అందులో సగానికి పైగా ఇదే తినేస్తుంది. అంత ఇరుకులో బొమ్మలు, పాటలు, పటం, పోరాటాలు, మాటలు అన్నీ పట్టాలి. అక్షరాలకి కూడా చోటు చాలక, జపనీస్ లిపుల్లో ఒకటైన కటకానాలో కొన్ని అక్షరాలనే ఉంచుకుని, రాక్షసుల పేర్లూ ఊళ్ళ పేర్లూ ఆ అక్షరాలతో కుదిరేవే పెట్టారు. మనకి ‘క, చ, ట, త’ ఇచ్చి వాటితోనే ఊళ్ళకి పేర్లు పెట్టమన్నట్టు! ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునే వసతి కూడా ఆ పెట్టెకి లేదు. ఆపేముందు తెర మీద ఇరవై అక్షరాల ‘మంత్రం’ కనిపిస్తుంది, దాన్ని కాయితం మీద రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పు రాసుకుంటే శ్రమంతా గంగపాలు.

ఆట రాజుగారి గదిలో మొదలవుతుంది. తలుపు మూసి ఉంటుంది. రాజుతో మాట్లాడి, పక్కనున్న పెట్టెలు తెరిచి, వాటిలో దొరికిన తాళంచెవితో తలుపు తీసుకుని, మెట్లు దిగాలి. బయటపడేసరికి పిల్లవాడికి ఆట నడిపే పద్ధతి మొత్తం వచ్చేస్తుంది. ఎవరూ నేర్పలేదు. కోట దాటి అడుగు పెట్టగానే నీటికి అవతల శత్రువు కోట కనిపిస్తుంది. గమ్యం కళ్ళెదుటే ఉంది. అక్కడికి చేరడానికే లోకమంతా చుట్టిరావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చావు. ‘విజార్డ్రీ’లో మనిషి చస్తే బతికించబోయి బూడిద చేసుకోవచ్చు, ఆ బూడిద కూడా మిగలకపోవచ్చు. ‘డ్రాగన్ క్వెస్ట్’లో చస్తే రాజు ముందు లేచి కూర్చుంటాం. చేతిలో డబ్బు సగం పోతుంది, సంపాదించుకున్న అనుభవం మాత్రం పోదు. కాబట్టి తెలివితేటలు అంతంతమాత్రమైనా, చేతివేగం లేకపోయినా, విడవకుండా ఆడే ప్రతి పిల్లవాడూ చివరిదాకా చేరతాడు. చివరిదాకా చేరతాడన్న నమ్మకం ఉన్నప్పుడే కదా కథకుడు చివర్లో చెప్పదగ్గ కథ దాచుకోగలడు! సూత్రధారి కుర్చీలో హోరీ కూర్చోబెట్టింది కథకుణ్ణి. నియమాల పుస్తకాన్ని కాదు.

ఆ కథకుడికి సాయం కూడా గొప్పగా కుదిరింది. బొమ్మలు ‘డ్రాగన్ బాల్’ అకిరా తొరియామావి. బురదముద్దలా ఉండే స్లైమ్ అనే భూతాన్ని ఆయన కన్నీటి చుక్క ఆకారంలో నవ్వుముఖం పెట్టి గీస్తే, అదే ఆ ఆటలన్నిటికీ గుర్తయి కూర్చుంది. సంగీతం కోయిచి సుగియామాది. యాభై దాటిన పేరున్న సంగీత దర్శకుడాయన. ఎనిక్స్ వారి చదరంగంలాంటి ‘షోగి’ ఆట మీద తన అభిప్రాయం కార్డు ముక్క మీద రాసి పంపితే, అది చూసి పిలిచారు. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో క్రీడాకారులు నడిచొస్తుంటే మొదట వినిపించింది ఆయన ‘డ్రాగన్ క్వెస్ట్’ బాణీయే.

మరుసటి ఏడు డిసెంబరులో స్క్వేర్ కంపెనీ నుంచి హిరోనోబు సకగుచి ‘ఫైనల్ ఫాంటసీ’ వచ్చింది. దాని ప్రోగ్రామర్ నాసిర్ గెబెల్లీ ఇరాన్‌లో పుట్టి, అమెరికాలో ఆపిల్ ఆటలతో పేరు తెచ్చుకున్నవాడు. తరవాతి భాగాలు తీసేటప్పుడు ఆయన వర్క్ వీసా గడువు తీరిపోయి కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకి తిరిగొచ్చేస్తే, మిగతా బృందమంతా సామాన్లు సర్దుకుని ఆయన వెనకాలే వచ్చి పని ముగించుకెళ్ళింది. వీసా అయిపోతే కంపెనీయే మన ఇంటికి తరలిరావడం! మనలో ఎవరికైనా అంతటి యోగం పట్టిందా? అమెరికన్ మూలం, డచ్చి ప్రచారకుడు, ఇరానీ ప్రోగ్రామర్. ‘జే’ని పుట్టుకతో లెక్కగట్టేవాళ్ళు ముందు వీళ్ళని ఎక్కడ పెట్టాలో చెప్పాలి.

కథకుడు కుర్చీలో కూర్చున్నాక ఏమవుతుందో రెండు ఆటల్లో బాగా కనిపిస్తుంది. 1992లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్ 5’లో మనం నాన్న చెయ్యి పట్టుకుని తిరిగే చిన్నపిల్లాడిగా మొదలవుతాం. నాన్న మన కళ్ళ ముందే చనిపోతాడు. పదేళ్ళు బానిసగా గడుస్తాయి. పెళ్ళవుతుంది, కవలలు పుడతారు, రాయిగా మారిపోయి ఏళ్ళ తరబడి కదలకుండా నిలబడతాం. చివరికి తేలేదేమంటే, జోస్యంలో చెప్పిన వీరుడు మనం కాదు, మన కొడుకు. పిల్లలకోసం ఊరు విడిచొచ్చిన ఏ తండ్రికైనా ఇది గొంతులో అడ్డం పడుతుంది. ఈ ఆటలో ఆటగాడికి దక్కే పెద్ద నిర్ణయం ఒక్కటే, చిన్ననాటి స్నేహితురాలిని చేసుకోవాలా, ధనవంతుడి కూతుర్నా అని. దానివల్ల కథ గతి మారదు. మారేదల్లా పుట్టే పిల్లల జుట్టు రంగు. అయినా జపాన్‌లో ఆ పెళ్ళి మీద వాదనలు ముప్పై ఏళ్ళుగా తెగలేదు.

రెండోది 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 7’. ప్లేస్టేషన్‌కి మూడు సీడీల్లో వచ్చి, అమెరికాలో ఈ జాతి ఆటలకి ఇంటింటా చోటు సంపాదించిపెట్టింది. అందులో ఏరిస్ అనే అమ్మాయిని మన జట్టులో పెట్టుకుని గంటల తరబడి పెంచుకుంటాం, ఆయుధాలు కొనిపెడతాం, మంత్రాలు నేర్పిస్తాం. మొదటి సీడీ చివర ఆమెని చంపేస్తారు. మనం చెయ్యగలిగింది ఏమీ లేదు. బతికించే రహస్యం ఎక్కడో ఉండే ఉంటుందని అమెరికన్ కుర్రాళ్ళు ఏళ్ళకేళ్ళు వెతికారు. బల్ల దగ్గరి సూత్రధారైతే బతిమాలితే కరిగేవాడేమో. ఇక్కడ కుర్చీలో ఉన్నది రాతగాడు, రాసేశాడు.

ఆటగాడికి స్వేచ్ఛ లేదు, పట్టాల మీద రైలు – అని ఎద్దేవా చేసేవాళ్ళు దీన్నే లోపమంటారు. నాకది అన్యాయంగా తోస్తుంది. కాటి సీనులో హరిశ్చంద్రుడు ఏమంటాడో తెలియకనా మనవాళ్ళు తెల్లవార్లూ కూర్చుని పద్యానికి వన్స్ మోర్ కొట్టింది? ఇచ్చిన వేషాన్ని పూర్తిగా మొయ్యడం కూడా వేషం కట్టడమే. తేడా ఏమిటంటే, ఈ ఆటలో ఆ బరువు మనమే గంటగంటకీ, లెవెల్ లెవెల్‌కీ నెత్తిన పెట్టుకుంటాం. అందుకే అది దిగేటప్పుడు నొప్పి. నా మటుకు జేఆర్పీజీ లక్షణం ఇదే. రాసిపెట్టిన కథని ఆటగాడి ఓర్పుతో, లెక్కలతో పెంచిన బలంతో ముడివెయ్యడం. వంతులూ కళ్ళూ జుట్టూ ఆ ముడి మీద కట్టిన పూలు.

ఈ లెక్కకి లొంగని మొండిఘటం లేకపోలేదు. అకితోషి కవాజు ‘సాగా’ వరస ఆటల్లో, ముఖ్యంగా 1992 నాటి ‘రొమాన్సింగ్ సాగా’లో, దారులు ఎటుపడితే అటు పోతాయి, కథ చెప్పీచెప్పకుండా వదిలేస్తాడు. అది అచ్చమైన జపాన్ ఆట, ఆ గూటిలోదే, కానీ నా నిర్వచనంలో సగమే ఇముడుతుంది. నిర్వచనాన్ని సాగదీసి దాన్ని ఇరికించడం కన్నా బయట ఒక కాలు పెట్టుకోనివ్వడమే మంచిదనుకుంటాను.

ఇక పేరు సంగతి. 1990లలో ఇక్కడి కుర్రాళ్ళు కన్సోల్ ఆర్పీజీ, కంప్యూటర్ ఆర్పీజీ అనే విడదీసేవారు. 2001లో ఎక్స్‌బాక్స్ వచ్చింది. 2002లో ‘మారోవిండ్’, 2003లో ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’లాంటి పాశ్చాత్య ఆటలు కంప్యూటర్ దిగి టీవీ ముందుకొచ్చాయి. పాత గోడ కూలింది, కొత్త గోడ కావలసొచ్చింది, దేశం పేరు పట్టుకొచ్చారు. ఆ దశాబ్దం చివరికి ఆ పేరులో చిన్నచూపు చేరింది. 2009లో బయోవేర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగ్ జెష్చుక్ జేఆర్పీజీలు ఎదగడం మానేశాయన్న అర్థంలో మాట్లాడాడు. జపాన్ గేముల పని అయిపోయిందని ఆ ఏడే కెయిజి ఇనాఫునే అనే జపాన్ రూపకర్తే అన్నాడు. యోషిదాకి చెవిన పడింది ఆ రోజుల్లోని మాట. ఇక్కడ వీళ్ళు ముద్దుగా పలికే మాట అది కాదు. రెండూ ఒకే నాలుగక్షరాలు. పేరు పెట్టేది ఒకరు, మోసేది ఒకరు అయినప్పుడు ఇలాగే ఉంటుంది. ఈ దేశం వచ్చాక మన పేర్లకీ మనుషులకీ తగిలించిన చీటీలు చూసుకుంటే యోషిదా చిరాకు మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. న్యాయం కోసం ఇదీ చెప్పాలి. పడమటి ఆటలకి జపాన్ వాళ్ళు కూడా ‘యోగే’ అని పేరు పెట్టారు, అదీ చాలాకాలం ముక్కు విరుస్తూ అన్న మాటే.

పేరు తగాదా తేలకుండానే బాణీ మాత్రం ఊరు దాటేసింది. 2022లో ‘చెయిన్డ్ ఎకోస్’ని ఒక జర్మన్ దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. 2023లో ‘సీ ఆఫ్ స్టార్స్’ కెనడాలోని కెబెక్ నుంచి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ దేశపు మోంపెలియే నగరంలోని శాండ్‌ఫాల్ అనే చిన్న కంపెనీ ‘క్లెయిర్ ఆబ్స్‌క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ని తెచ్చింది. చిన్నప్పుడు ఆడిన ‘ఫైనల్ ఫాంటసీ’లే తమ గురువులని దాన్ని తీసినవాళ్ళు బాహాటంగా చెప్పుకున్నారు. అందులోనూ వంతులున్నాయి, దెబ్బ తప్పించుకోవడానికి వేళ చూసి మీట నొక్కడమూ ఉంది. పటం మీద నడక ఉంది, లెవెళ్ళున్నాయి. ఊళ్ళు, టోపీలు, రొట్టెలు అన్నీ ఫ్రెంచివే. మొదటి అంకం చివర, అప్పటిదాకా మనం పెంచుకుంటూ వచ్చిన మనిషిని మన చేతుల్లోంచి లాక్కుపోతారు. ఏ మీట నొక్కినా లాభం లేదు. ఎవరో చెప్పను, మీ ఇంట్లో పిల్లలు ఇంకా అక్కడిదాకా వచ్చి ఉండకపోవచ్చు.